ఈశాన్యం తెగిన గది

మొన్నామధ్య ప్రేయర్ అయ్యాక, బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళు నలుగురు నన్ను చుట్టుముట్టారు. "అంకుల్, రిటైర్ కాకముందు మీరేం జాబ్ చేసేవారు?" అని అడిగారు. "కుర్చీలో కూర్చునేవాణ్ణి" అన్నాను. జోకనుకుని నవ్వారు. జోకు కాదర్రా బాబూ. ఇక్కడ డబ్లిన్ పక్కన మెయ్‌నూత్ దగ్గర తోటల మధ్య ఒక పాతకాలపు పెద్ద బంగళా ఉంది. టికెట్ కొనుక్కుని జనం చూడ్డానికి వస్తారు. అందులో ఒక గది మూల కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళు గోడమీది బొమ్మల్ని ముట్టుకోకుండా చూసుకోవడం నా ఉద్యోగం. పదహారేళ్ళు చేశాను. మా ఆవిడ ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా "మ్యూజియంలో ఆఫీసర్" అని చెప్పేది. నేను పక్కనుంచి దగ్గేవాణ్ణి.

పదహారేళ్ళ కుర్చీలో చెప్పుకోదగ్గ రోజు ఒక్కటే ఉంది. నేను చేసిన ఘనకార్యం అని చెప్పుకోవాలనే ఉంది గానీ, అందులో సగం ఘనకార్యం, సగం నా తెలివితక్కువతనం. రెండూ రాస్తాను. మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, హాస్పిటల్లో ఉన్నా, ఇలాంటిది మీకూ ఎప్పుడో ఒకప్పుడు తగలకపోదు.

ముందు నా అసలు పని చెప్పాలి. ఏలూరులో ఒక ఇంజినీరు గారి ఆఫీసులో ఇరవై రెండేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్ని. ఆయన రఫ్‌గా గీసిచ్చినదాన్ని, బోర్డు మీద ట్రేసింగ్ పేపర్ బిగించి, ఇంకుతో, స్కేలు ప్రకారం ప్లానుగా దించాలి. తప్పు పోతే బ్లేడుతో ఇంకు గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ గీయాలి. మునిసిపాలిటీలో గుమస్తాలు పేరు చూడకుండానే నా గీతను గుర్తుపట్టేవారు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి. సరే, కొంచెం చెప్పుకుంటున్నాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, నా బోర్డు గోడకి చేరింది. అప్పుడే నర్సుగా పనిచేస్తున్న మా ఆవిడకి ఇక్కడి కిల్కెన్నీ హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది. అమ్మాయిని తీసుకుని ఆవిడ వెనకాలే వచ్చాను. నాలుగేళ్ళు అక్కడుండి మెయ్‌నూత్ మారాం. చేత్తో ప్లాను గీసేవాడు ఇక్కడెవరికీ అక్కర్లేదు. కుర్చీలో కూర్చునేవాడు కావాలన్నారు. వెళ్ళి కూర్చున్నాను.

ఏలూరులో నాకు ఒక అలవాటు అంటుకుంది. ఇల్లు కట్టించుకునేవాళ్ళని మేం పార్టీలు అనేవాళ్ళం. పార్టీ ప్లాను చూడగానే అడిగే మొదటి ప్రశ్న "ఉత్తరం ఎటండీ?" అని. రెండోది "ఈశాన్యం బాగుందా?" అని. ఈశాన్యం మూల కాస్త పెరిగిందంటే మహదానందం. అంగుళం తెగిందంటే ఆ స్థలం కొననే కొనరు. మాది క్రిస్టియన్ కుటుంబం, వాస్తు పట్టింపు నాకు లేదు. అయినా ఏం లాభం? మా పాస్టరు గారే ఇల్లు కట్టుకునేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "ఈశాన్యం ఒక్క అడుగు పెంచవయ్యా, ఎవరికీ చెప్పకు" అన్నారు. పెంచాను. ఇన్నాళ్ళకి చెప్పేశాను. మొత్తానికి నమ్మకం ఉన్నా లేకపోయినా, ఏ గదిలో అడుగుపెట్టినా నా కళ్ళు ముందు ఉత్తరం వెతుకుతాయి, వెంటనే ఈశాన్యం మూలకి పోతాయి.

బంగళాలో మొదటిరోజు స్టాఫ్ టీ గది చూపించారు. అసలు భవనానికి వెనక, గుర్రపుశాలల పక్కన ఉందది. అడుగుపెట్టగానే "అయ్యయ్యో" అన్నాను. ఈశాన్యం మూల తెగిపోయి ఉంది! రెండు గోడలూ కలవాల్సినచోట మూలే లేదు. అడ్డంగా, ఐమూలగా ఒక గోడ పెట్టేశారు. బయట గుర్రబ్బండి మలుపు తిరగడానికి చోటు వదిలారని తర్వాత తెలిసిందిలెండి. నైరుతి మూలలో ఐమూలగా చలిమంట పొయ్యి. ఉత్తరం గోడకి మాత్రం ఛాతీ ఎత్తు నుంచి కప్పుదాకా ఒకటే కిటికీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పొడ పడదు, వెలుగు మాత్రం తగ్గదు. గుర్రాల పక్కన గదికి ఇంత కిటికీ ఏమిట్రా అనుకున్నాను. పడమటి గోడకి కప్పులూ సాసర్లూ పెట్టే పెద్ద చెక్క బీరువా ఉండేది. బీరువాని ఇక్కడ ప్రెస్ అంటారు, ఆ ముక్క కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

మూడోరోజు నన్ను పై అంతస్తులో ఒక గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగోడ మీద నడుందాకా ఒక మనిషి బొమ్మ. ఆ బంగళా కట్టిన ఆర్కిటెక్టట, రెండువందల యాభై ఏళ్ళ కిందటి మనిషి. బూడిదరంగు కోటు, విగ్గు లేకుండా సొంత జుట్టు, చేతిలో డివైడర్లు, ముందున్న బల్ల మీద ఒక కాగితం. ఇక ఆ మొహం! బాబోయ్, దాని ముందు నుంచి నేను చాలాసేపు కదల్లేకపోయాను. ఏదో అడిగి, జవాబు కోసం చూస్తున్న మొహమది. గట్టిగా ఊపిరి తీస్తే ఆయనకి వినబడుతుందేమో అనిపించింది. కింద పలక మీద ఆర్కిటెక్ట్ పేరుంది, దాని కింద "చిత్రకారుడు తెలియదు" అని ఉంది.

తేరుకుని బల్ల మీది కాగితం చూశాను. ప్లాను. ఒకే గది. ఒక గోడంతా కిటికీ, దాని పక్క మూల తెగి ఉంది, ఎదురు మూలలో ఐమూలగా పొయ్యి. "ఓహో, మన టీ గదే" అనుకున్నాను. అనుకుని వాచీ చూసుకున్నాను. టీకి ఇంకా నలభై నిమిషాలుంది.

అంతే. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? గోడమీద అందరికీ కనబడేలా వేలాడుతోంది, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు వచ్చి గంటలు గంటలు చూసి వెళ్తున్నారు. ప్లాను చూస్తే గది కళ్ళముందు లేచి నిలబడటం, పేపరు చదవడంలాగ, అందరికీ వచ్చే విద్యే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు అదే పనిలో ఉన్నవాడికి పట్టే జబ్బు అది. ఒకసారి మా అమ్మాయి వస్తే బొమ్మ చూపించి, టీ గది చూపించాను. "దట్స్ క్లాస్, డాడీ! డూ దే నో?" అంది ఈ ఊరి యాసలో. "వాళ్ళకి తెలియకపోవడమేంటే, వాళ్ళ ఇల్లు!" అన్నాను. "టెల్ దెమ్ ఎనీవే" అంది. పెద్దవాళ్ళకి తెలిసిన సంగతి వెళ్ళి చెప్పి నవ్వులపాలు కావడం ఎందుకని ఊరుకున్నాను.

బంగళాలో బొమ్మలన్నీ ఒకావిడ చేతిలో ఉండేవి. క్యూరేటర్ అంటారు. పేరుపెట్టి పిలవమని మొదటిరోజే చెప్పింది, నా నోరు తిరిగితేగా. చివరిదాకా మేడమ్ అనే పిలిచాను. పద్నాలుగేళ్ళు టీ గదిలో ఎదురెదురుగా కూర్చుని లంచ్ చేశాం. ఆవిడది బ్రౌన్ బ్రెడ్డూ చీజూ, నాది పప్పన్నం, ఆవకాయ. మొదట్లో నేను ఆవకాయ డబ్బా మూత తీస్తే ఆవిడ తలుపు తీసేది. ఏడాది తిరిగేసరికి స్పూన్ చాపడం మొదలుపెట్టింది. ఎలా పెడతారో కాగితం మీద రాసుకుంది కూడా. వాన గురించి మాట్లాడేవాళ్ళం, మా అమ్మాయి చదువు గురించి, ఆవిడ కుక్క గురించి మాట్లాడేవాళ్ళం. బొమ్మల ఊసు మాత్రం రాలేదు. ఆవిడ అంత చదువుకున్న మనిషి, నేను కుర్చీ మనిషిని, నేనేం అడుగుతాను?

అయినా ఆవిడ దేనికోసం వెతుకుతోందో స్టాఫ్ అందరికీ తెలుసు. ఆ ఆర్కిటెక్ట్ బొమ్మ ఆ కాలపు చిత్రకారిణి ఒకామె వేసిందని ఆవిడ నమ్మకం. ఇరవై ఏళ్ళుగా దానికోసం ఊళ్ళూ లైబ్రరీలూ తిరిగింది, సెలవులన్నీ దానికే పోసింది. రుజువు దొరకలేదు. ఈలోగా రిటైర్మెంట్ వచ్చిపడింది. శుక్రవారం ఆవిడ చివరిరోజు. సోమవారం నుంచి పై గదులు మార్చేస్తున్నారు. చిత్రకారుడి పేరు తెలిసిన బొమ్మలే గోడమీద ఉంటాయి, పేరు తెలియనివన్నీ డబ్లిన్ అవతల గోదాముకి పోతాయి. మా ఆర్కిటెక్ట్ ఆ గోదాము లిస్టులో ఉన్నాడు. గోదాముకి వెళ్ళిన బొమ్మ తిరిగొచ్చిన దాఖలా నేను చూడలేదు. ఆఖరి ప్రయత్నంగా బుధవారం లండన్ నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించింది మేడమ్. ఆయన ఒప్పుకుంటే పలక మీద ఆ స్త్రీ పేరు పడుతుంది, బొమ్మ గోడమీద ఉంటుంది. లేదంటే ఇరవై ఏళ్ళ పనీ అట్టపెట్టెలోకి పోతుంది.

బుధవారం ఆయన వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట, చేతిలో చిన్న టార్చి. గది మూసేసి, నన్ను టీకి వెళ్ళమన్నారు. వెళ్ళాను. టీ గదిలో మా కేర్‌టేకర్ ఉన్నాడు. షానన్ వైపు మనిషి, అక్కడ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి ఇటొచ్చాడు. ఆరడుగుల పైనే ఉంటాడు. ఏం జరిగినా "గ్రాండ్" అనేవాడు. కప్పు కారినా గ్రాండే, బాయిలర్ పోయినా గ్రాండే.

గంటన్నర తర్వాత మేడమ్ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో లావుపాటి ఫైలు బల్లమీద పడేసి కూర్చుంది.

"అయిపోయింది" అంది.

కేర్‌టేకర్ గ్రాండ్ అనలేదు. కప్పులో టీ పోసి ఆవిడ ముందు పెట్టాడు. "ఏమన్నాడు?"

"బొమ్మ అద్భుతం అన్నాడు. ఇలాంటి మొహం జీవితంలో రెండు మూడు చూసుంటానన్నాడు. ఆమె వేసిందనడానికి ఒక్క ఆధారం చూపించమన్నాడు. నా దగ్గర ఏముంది? ఈ ఇంటివాళ్ళు రాసుకున్న పాత ఉత్తరం ఒకటుంది. ఒక చిత్రకారిణి ఏడాదిపాటు ఇక్కడుండి బొమ్మలు వేసిందని, ఆమె పనికోసం ఆర్కిటెక్ట్ ఒక గది కట్టించాడని. ఆ గది ఎక్కడుందో ఎవరికీ తెలియదు, కూలిపోయే ఉంటుంది. ఆ ఉత్తరానికీ ఈ బొమ్మకీ ముడిపెట్టేది ఒక్కటీ లేదు. ఆ బల్లమీది కాగితం ఏమిటో కూడా తేల్చలేకపోయాను. తోటలో కడదామనుకుని కట్టని మండపం అని రాశాను."

నాకు ఓదార్చడం చేతకాదు. మా ఆవిడ ఏడిస్తేనే పక్కగదిలోకి వెళ్ళిపోతాను. కానీ ఆవిడని అలా చూస్తే ఏదో ఒకటి అనాలనిపించింది.

"మండపం కాదుగా మేడమ్" అన్నాను. "అది ఈ గదేగా."

"ఏ గది?"

"ఇదే. మనం కూర్చున్నది."

ఇద్దరూ నావైపు చూశారు. కెటిల్ ఇంకా కుతకుతలాడుతోంది. నేనేదో కూడని మాట అన్నాననుకుని లేవబోయాను. మేడమ్ నా మణికట్టు పట్టుకుంది. పద్నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి మేడమ్? గీసుందిగా!"

ఫైలు తెరిచింది. అందులో బొమ్మ ఫోటో ఉంది, పెద్దది. బల్లమీద పరిచి చూపించాను. ఇదిగో మేడమ్, ఈ గోడంతా కిటికీ, ఇదిగో మన కిటికీ. ఇది పొయ్యి, అదిగో పొయ్యి. ఈ మూల చూడండి, తెగింది. మావైపు ఈ మూల తెగితే చచ్చినా ఇల్లు కొనరు, అందుకే మొదటిరోజే నా కంట్లో పడింది.

"అందుకేనన్నమాట ఇక్కడ టీ ఎప్పుడూ ఇంత దరిద్రంగా ఉంటుంది" అన్నాడు కేర్‌టేకర్. మేడమ్ ఫోటో చూస్తోంది, గోడ చూస్తోంది, మళ్ళీ ఫోటో చూస్తోంది.

"టేపు తీసుకురా" అన్నాను కేర్‌టేకర్‌తో. అలా ఒకరికి పని చెప్పి ఎన్నేళ్ళయిందో నాకు. పరిగెత్తి తెచ్చాడు. ఫోటోలోని గది పొడవుని ఒక కాగితం ముక్క అంచు మీద పెన్సిల్ గుర్తుతో ఎత్తుకున్నాను, కాగితం పడుకున్న వాలు లెక్కకట్టి వెడల్పుని కూడా ఎత్తుకున్నాను. నాలుగుకి మూడు. అప్పుడు గది కొలిచాం. ఇరవై నాలుగడుగులకి పద్దెనిమిది. నాలుగుకి మూడు. తెగిన మూల గోడని విడిగా కొలిచాం, అదీ సరిపోయింది. లెక్క తప్పానేమోనని మళ్ళీ ఒకసారి కొలిచాను.

మేడమ్ లేచి, ఫోటో కూడా వదిలేసి, వానలో పరిగెత్తింది. అరవై దాటిన మనిషి అలా పరిగెత్తడం నేను చూళ్ళేదు. లండన్ ఆయన కెఫేలో ట్యాక్సీ కోసం ఎదురుచూస్తున్నాడు. అయిదు నిమిషాల్లో లాక్కొచ్చింది. పాపం ఆయన చేతిలో సగం తిన్న స్కోన్ రొట్టె అలాగే ఉంది.

ఆయన ఫోటో పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. కిటికీ చూశాడు, పొయ్యి చూశాడు, తెగిన మూల చూశాడు. ఎండ పడని ఆ ఉత్తరపు వెలుగే బొమ్మలు వేసేవాళ్ళు కోరుకునేదని నాకు తర్వాత తెలిసింది, ఆయనకి అప్పుడే తెలుసు. తర్వాత ఫోటో దగ్గరికి వంగాడు.

"ఇందులో రెండు తలుపులున్నాయి" అన్నాడు. "దక్షిణాన ఒకటి, పడమట ఒకటి. ఇక్కడ దక్షిణాన ఒక్కటే ఉంది." తల అడ్డంగా ఆడించాడు. "పాత ఇళ్ళలో ఇలాంటి గదులు చాలా ఉంటాయి. పోలికలు మనల్ని మోసం చేస్తాయి. నన్ను క్షమించండి."

మేడమ్ బల్ల అంచు పట్టుకుంది.

అటెండెంట్లకి ఒక రూల్ ఉంది. బయటి పెద్దలు మాట్లాడుతున్నప్పుడు, అడిగితే తప్ప నోరెత్తకూడదు. అది నాకు బరువు కాదు, హాయి. కానీ ప్లాను తప్పని ఒకడు అంటుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. గీసింది నేను కాకపోవచ్చు, గీసినవాడిదీ నా పనే.

"సార్" అన్నాను. "పడమటి గోడకున్న ఆ ప్రెస్ జరపండి."

లండన్ ఆయన అప్పుడు నన్ను చూశాడు. అంతవరకూ నేనా గదిలో ఉన్నట్టు ఆయనకి తెలియదు.

నలుగురం కలిసి ప్రెస్ పట్టుకున్నాం. లోపల కప్పులన్నీ గలగలలాడాయి, రెండు కింద పడి పగిలాయి. వెనక గోడకి తెల్లరంగు వేసిన చెక్క పలకలున్నాయి. కేర్‌టేకర్ వేళ్ళతో తట్టాడు. పక్కన గట్టిగా మోగింది, మధ్యలో డొల్లగా మోగింది. స్క్రూడ్రైవర్ తీసి మేడమ్ వైపు చూశాడు. అంత పాత గోడని పర్మిషన్ లేకుండా విప్పితే ఇక్కడ ఉద్యోగం ఉండదు.

"విప్పు" అంది మేడమ్. "ఎలాగూ శుక్రవారం పంపించేస్తున్నారు, ఇంకేం చేస్తారు నన్ను?"

మూడు పలకలు ఊడాయి. వెనక తలుపుంది. తలుపంటే తలుపే, గొళ్ళెంతో సహా, మూసింది మూసినట్టు ఉంది. కేర్‌టేకర్ ఫోన్ లైటు వేశాడు. అప్పుడు చూశాం ద్వారబంధాన్ని. నడుం ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా చెక్కంతా రంగులు. బొటనవేలంత మరకలు, ఒకదానిమీద ఒకటి, వందలకొద్దీ. జేగురు, తెలుపు, ఎరుపు, నీలం. అటుగా వచ్చీపోతూ ఎవరో ఏడాదిపాటు తమ కుంచెలు అక్కడ తుడుచుకున్నారు. అన్నిటికంటే పైన, ఒకచోట, బూడిదరంగు.

నేను రోజుకి ఏడు గంటలు ఆ కోటు ఎదురుగా కూర్చున్నవాణ్ణి. ఆ బూడిదరంగు నాకు తెలుసు.

నిజం చెప్తున్నాను. చర్చిలో ఎన్ని ఆదివారాలు మోకరించానో గానీ, మోకాళ్ళు వాటంతటవే వంగబోవడం అదే మొదలు. లండన్ ఆయన అయితే ఆ పగిలిన కప్పుల మధ్యనే మోకాళ్ళమీద కూర్చుండిపోయాడు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్యాంటుకి ఇంత దుమ్ము అంటుకుంది, చూసుకోలేదు.

అక్కణ్ణుంచే నన్ను అడిగాడు. "ఒక్క సంగతి. ఆర్కిటెక్ట్ బల్ల దగ్గర కూర్చుంటే కాగితం ఆయనవైపు ఉండాలి కదా. బొమ్మలో మనవైపు తిరిగి ఉందెందుకు?"

"పార్టీకి చూపిస్తున్నాడు సార్" అన్నాను. "పార్టీకి చూపించేటప్పుడు ప్లాను వాళ్ళవైపు తిప్పి పెడతాం. మనం తలకిందులుగా చదువుకుంటాం. అందరం అంతే చేస్తాం."

"ఎవరా పార్టీ?"

"బొమ్మ వేస్తున్నావిడే కదా సార్. గది ఆవిడదేగా. నచ్చిందా లేదా అని ఆవిడ మొహం చూస్తున్నాడు. మా ఇంజినీరు గారు కూడా అచ్చం అలాగే చూసేవారు."

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నాకూ వెలిగింది, అప్పటిదాకా నేనూ అంతదూరం ఆలోచించలేదు. ఆ బొమ్మ ముందు ఎవరు నిలబడినా, ఆమె నిలబడ్డచోటే నిలబడతారు. ఆయన అడుగుతున్నది ఆమెని. రెండువందల యాభై ఏళ్ళుగా ఎదురుగా నిలబడ్డ ప్రతివాడినీ ఆమె అనుకుని ఆయన అదే మాట అడుగుతున్నాడు, ఒక్కడూ కాగితం వైపు చూసి జవాబు చెప్పలేదు.

లండన్ ఆయన ట్యాక్సీ వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. సాయంత్రం ఆయన మేడమ్ ఆఫీసులో కూర్చుని రెండు పేజీలు రాసి సంతకం పెట్టాడు. పూర్తిగా ఒప్పుకున్నాడని కాదు. రంగులు పరీక్షకి పంపాలన్నాడు. అప్పటిదాకా "ఈమె వేసినదిగా భావిస్తున్నాం" అని పలకమీద ఆమె పేరు పెట్టవచ్చన్నాడు. చాలు. గోదాము లిస్టులో మా ఆర్కిటెక్ట్ పేరు మీద మేడమ్ తన చేత్తో అడ్డగీత కొట్టింది. గీత వంకర పోయింది, నేనేం అనలేదు.

ఆయన్ని స్టేషన్లో దింపడానికి కేర్‌టేకర్ వెళ్ళాడు. టీ గదిలో మేడమ్, నేను మిగిలాం. పగలని కప్పులు రెండు వెతికి టీ పెట్టాను. ఆవిడ ఆ తలుపుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?" అంది.

"మూడోరోజు నుంచి."

"ఏ మూడోరోజు? సోమవారం నుంచా?"

"ఉద్యోగంలో చేరిన మూడోరోజు, మేడమ్."

కప్పు కింద పెట్టింది. పద్నాలుగేళ్ళు. నేను తల దించుకున్నాను. ఇదే బల్ల, ఇదే కిటికీ, ఎదురెదురు కుర్చీలు. ఆవిడ లండన్, ఎడింబరో తిరిగొచ్చి, ఏమీ దొరకలేదని మొహం వేలాడేసుకుని ఇక్కడే కూర్చుని బ్రెడ్డు తినేది. ఆవిడ వెతికే గదిలో కూర్చునే తినేది. నేను ఎదురుగా ఆవకాయ కలుపుకునేవాణ్ణి.

"మీకు తెలుసనుకున్నాను మేడమ్" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. "ఒక్కసారి నోరు తెరిచుంటే..."

"నువ్వు ఇండియాలో ఏం చేసేవాడివి?" అంది ఆవిడ.

"డ్రాఫ్ట్స్‌మన్ని. ప్లాన్లు గీసేవాణ్ణి."

కళ్ళు మూసుకుంది. "మీ అమ్మాయి మార్కులు తెలుసు నాకు. ఆవకాయలో మెంతులు ఎన్నో తెలుసు. ఇది మాత్రం అడగలేదు. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి అడగలేదు." చెంపలమీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. నాకు పక్కగదిలోకి పోవాలనిపించింది. ఆ గదికి పక్కగది లేదు. కూర్చున్నాను.

కాసేపటికి ఫైలులోంచి ఒక ఖాళీ కాగితం తీసింది, పెన్సిల్ తీసింది. "చెప్పు" అంది.

"ఏం చెప్పాలి?"

"ఆ బొమ్మలో నువ్వు చూసిందంతా చెప్పు. నాకు తెలిసే ఉంటుందనుకున్నవన్నీ చెప్పు. నాకు శుక్రవారం దాకా టైముంది."

ఆలోచించాను. ఒకటి నోటిదాకా వచ్చింది. ఇది ఆవిడకి తెలియకుండా ఉంటుందా అని, మళ్ళీ అదే పాత జబ్బు, నోరు మూతపడబోయింది. బలవంతంగా తెరిచాను.

"ఆయనది ఎడమచేతి వాటం, మేడమ్."

తలెత్తింది. "డివైడర్లు కుడిచేతిలో ఉన్నాయి."

"అవి బొమ్మ కోసం పట్టుకున్నాడు. ఎడమచెయ్యి చూడండి. చిటికెనవేలి కింద, అరచేతి అంచు నల్లగా ఉంటుంది. అందరూ నీడనుకుంటారు, పక్కన నీడలన్నీ అటువైపు ఉంటే అదొక్కటే ఇటెందుకుంటుంది? అది పెన్సిలు మసి. రోజంతా గీసేవాడికి గీసే చేతి అంచుకే అంటుకుంటుంది, ఎంత కడిగినా పోదు." నా కుడిచెయ్యి తిప్పి ఆ అంచు చూపించాను. మసి లేదు, పోయి ఇరవై ఏళ్ళయింది. "ఎడమచేత్తో గీస్తానని ఎవరికీ తెలియకూడదనుకున్నాడు కాబోలు. ఆవిడ ఆయన మాట కాదనలేదు, డివైడర్లు కుడిచేతికే ఇచ్చింది. కానీ చూసింది. చూసిందని ఆ మసి వేసి చెప్పింది."

మేడమ్ ఫోటోని కిటికీ వెలుగులోకి జరిపింది. భూతద్దం పెట్టి ఆ చేతిని ఎంతసేపు చూసిందో. తర్వాత కాగితం మీద ఒకటో నంబరు వేసి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. కింద రెండో నంబరు వేసింది.

"ఇంకా?" అంది.